ఇరవై దగ్గర ఆగిన చెయ్యి

"మోల్ అంటే ఎంత సార్?"

తిరందాసు ఉదయశ్రీ బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరిన మూడో రోజున లేచి నిలబడి అడిగింది. ఆరు పాయింట్ సున్నా రెండు ఇంటూ పది టు ది పవర్ ఇరవై మూడు అని బోర్డు మీద రాశాను. అన్ని కణాలుంటే ఒక మోల్ అన్నాను.

"గన్ని ఎవలు లెక్కవెట్టిన్రు సార్?"

క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లుగా రసాయన శాస్త్రం చెబుతున్నాను, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఎవరినీ అడగలేదు. "పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. కూర్చుంది గానీ ముఖంలో అనుమానం అలాగే నిలబడి ఉంది.

మాది నల్లగొండ వైపు ఒక చిన్న పట్నంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఉదయశ్రీది ఆరు కిలోమీటర్ల అవతల నేతపని ఊరు. వాళ్ల నాన్న భిక్షమయ్య నూలుకు రంగులద్దుతాడు. చుట్టుపక్కల మగ్గాలన్నిటికీ ఆయన తీసే నీలం రంగే కావాలి. పిల్ల మొద్దు కాదు. సమస్య ల్యాబులో వచ్చేది. ఫ్లాస్కులో కాస్టిక్ సోడా నీళ్లు, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. పైనున్న బ్యూరెట్ నుంచి యాసిడ్‌ను చుక్కచుక్కగా వదలాలి. ఏ చుక్కకు గులాబీ పోతే అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూస్తే కాస్టిక్ ఘాటు ఎంతో లెక్క తేలుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఈ పిల్ల ఫ్లాస్కును కిటికీ వైపు ఎత్తి, "పోయిందా సార్? ఇంకా జరంత ఉన్నట్టున్నది గద?" అంటూ ఒక్క చుక్క దగ్గర అరగంట నిలబడేది. కళ్లలో నీళ్లు తిరిగేవి.

నా విద్యార్థుల్లో సగం మంది ఇంతే. వచ్చిన జవాబును కూడా రాసి, కొట్టేసి, పక్కవాడిది చూసి తప్పు రాసేవాళ్లు. వీళ్లకు లేనిది తెలివి కాదు, 'ఇదే' అన్న నమ్మకం అని నాకు గట్టిగా తోచింది. ఆ నమ్మకాన్ని బయటనుంచి ఎక్కిస్తే పోలా అనుకున్నాను.

పక్షవాతం వచ్చినవాళ్ల చేతికి కట్టే నాడీ పట్టీలు తయారుచేసే చోట మా తమ్ముడు పనిచేస్తాడు. వాడిని పీడించి కొన్ని తెప్పించాను. ఆరునెలలు కుస్తీపట్టాను. మణికట్టుకు కట్టే ఆ పట్టీకి చొక్కా గుండీ అంత కెమెరా కన్ను పెట్టాను. అది బ్యూరెట్‌ను చూస్తూ ఉంటుంది. చెయ్యి సరైన అంకె దగ్గరకు రాగానే నాడిలోకి సన్నటి కరెంటు పంపుతుంది. అప్పుడు లోపల ఏమనిపిస్తుందంటే, మరిచిపోయిన పేరు ఠక్కున గుర్తొచ్చినప్పటి హాయి. నలభై రోజులు ఇలా చేస్తే పట్టీ తీసేసినా ఆ హాయి తనంతట తనే వస్తుంది. పట్టీకి నేనొక పెద్ద పేరు పెట్టాను. పిల్లలు దాన్ని 'ఖాయం పట్టీ' అన్నారు, అదే నిలిచింది.

సరైన అంకె ఏదో పట్టీకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. స్టోర్‌రూములో ఇరవై రెండేళ్ల ప్రాక్టికల్ రికార్డులు దుమ్ముపట్టి ఉన్నాయి, అన్నిటిమీదా నా సంతకాలే. వాటిలోని రీడింగులన్నీ నెలరోజులు కూర్చుని ఎక్కించాను. ఇంత సమాచారం ఏ పెద్ద విశ్వవిద్యాలయానికి ఉందని మీసం మెలేశాను కూడా.

మొదట నేనే కట్టుకున్నాను. తరువాత ఉదయశ్రీ. ఆమె తరువాత ఇంకెవరికైనా కట్టేముందు ఆరునెలలు చూద్దామనుకున్నాను. అదొక్కటే నేను చేసిన మంచిపని.

నలభై రోజుల్లో ఆ పిల్ల మారిపోయింది. సమీకరణాలు చకచకా తుల్యం చేసేది. బ్యూరెట్ దగ్గర చెయ్యి వణకడం మానేసింది. నీళ్లు పట్టినంత సులువుగా యాసిడ్ వదిలి, టక్కున ఆపి, "ఇరవై పాయింట్ సున్నా సార్. ఖాయం" అనేది. ఇంకోసారి చేసినా అంతే. నేను వరండాలో పోతున్న లెక్కల లెక్చరర్‌ను చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించాను.

ఇంట్లో నా పరిస్థితి వేరేగా ఉంది. ఒక ఆదివారం మా ఆవిడ విమల పిన్నిగారి గృహప్రవేశానికి సూర్యాపేట వెళ్లాం. రెండో సందు అని విమల, మూడోది అని నేను. మూడో సందులోకి ఆటో తిప్పించి, ఒక పరాయి వాకిట్లో నిలబడి, ఇది మా పిన్నత్తగారి ఇల్లేనని ఆ ఇంటాయనతో పది నిమిషాలు వాదించాను. ఆయన పాపం కరెంటు బిల్లు తెచ్చి చూపించాడు. బిల్లే తప్పుపడి ఉంటుందన్నాను.

"ఏందండి మీరు, మనిషి మాట వినుడే బంద్ చేసిండ్రు?" అంది విమల, తిరుగు ప్రయాణంలో. "ఇదివరకు పాలు పొంగినయా లేదా అని కూడ నన్ను అడిగెటోళ్లు."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమెదే పొరపాటని నాకు లోపల హాయిగా ఉంది. అప్పుడైనా నాకు భయం పుట్టాల్సింది.

దసరా సెలవుల తరువాత ఉదయశ్రీ కాలేజీకి రాలేదు. నాలుగోరోజు ల్యాబ్ అటెండర్ సైదులు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "సార్, ఆ రంగుల భిక్షమయ్య చేతులు కాలినయట. కాస్టిక్ల. పెద్దదవాఖాన్ల ఉన్నడు" అన్నాడు.

నేను వెళ్లేసరికి భిక్షమయ్య మంచం మీద రెండు చేతులూ దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మోచేతుల దాకా కట్లు. ఉదయశ్రీ మంచం కోడును పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది, ఏడవలేదు. జరిగింది పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

భిక్షమయ్య రంగు పొయ్యి ముందు కూర్చుంటే కొలతలుండవు. వేడినీళ్లలో కాస్టిక్ వేసి, ఒక చుక్క తీసి బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దుతాడు. ఆ జారుడును బట్టి ఘాటు తెలుస్తుంది. ఆ తరువాతే నీలం రంగు, దాన్ని నీళ్లలో కరిగించే హైడ్రోస్ పొడి కలుపుతాడు. ముప్ఫై ఏళ్లుగా అంతే. ఆ రోజు కూతురు వద్దంది. ల్యాబులో సైదులును బతిమాలి తెచ్చుకున్న బ్యూరెట్‌ను మగ్గం గుంజకు కట్టింది. లీటరుకు ఆరు గ్రాముల కాస్టిక్ ఉండాలి. ఇరవై మిల్లీలీటర్లు తీసి పరీక్ష చేసింది. ఇరవై పాయింట్ సున్నా. లెక్క కట్టింది. నాలుగు గ్రాములే ఉంది, చాలదు. ఇంకాస్త కాస్టిక్ వేసింది. మళ్లీ చూసింది. మళ్లీ ఇరవై. ఇంకాస్త వేసింది. పొద్దున్నుంచి అలా ఏడుసార్లు వేసింది.

"ఎన్నిసార్లు ఏసినా అంతే ఉంటే, నీకు అనుమానం రాలేదా?" అన్నాను.

"రాలేదు సార్. నీళ్లల్ల ఏదో ఉన్నది, అది తింటున్నది అనుకున్న. గులాబీ పోవుడు నా కండ్లతోని చూసిన. ఖాయం అనిపించింది."

మంచం మీదనుంచి భిక్షమయ్య గొంతు వినిపించింది. "నేను ఏలు పెట్టి చూసిన సార్. జారుడు ఎక్కువున్నది బిడ్డా అన్న. కాదు నాయినా, నేను కొలిచిన, నువ్వు ఏళ్లతోని చూసుడు బంద్ చెయ్ అన్నది. సదువుకున్న పిల్ల గద అనుకున్న."

గ్లౌజులు తొడిగితే నూలు పలకదని ఆయనకు నమ్మకం. ఒట్టి చేతులతో రెండు గంటలు చిలపలు, అంటే నూలు కట్టలు, ముంచి తీశాడు. కాస్టిక్ కాల్పు వెంటనే మంట పెట్టదు, అదే దాంతో వచ్చిన చిక్కు. తెలిసేసరికి వేళ్ల మీది తోలు మెత్తబడి ఊడివచ్చింది. మానుతుంది గానీ వేళ్ల కొసలకు స్పర్శ రాకపోవచ్చని డాక్టరు చెప్పాడట. ఆ ఊళ్లో ఆ నీలం తీయడం తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఇక ఆ పొయ్యి వెలుగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

ఏడుసార్లూ ఇరవయ్యే ఎలా వచ్చిందో తేల్చుకుందామని మరునాడు ఉదయశ్రీని ల్యాబుకు రమ్మన్నాను. తలుపులు వేసి, ముప్ఫై మిల్లీలీటర్లు పట్టేలా నేనే తూచి కాస్టిక్ ద్రావణం చేశాను. ఆమెకు చెప్పలేదు. సైదులు బల్లలు తుడుస్తున్నాడు.

ఆమె యాసిడ్ వదిలింది. ఇరవై దగ్గర చెయ్యి ఆగిపోయింది. "పోయింది సార్" అంది.

నేను ఫ్లాస్కు చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. రంగు లేదు. నా లోపల ఆ హాయి కలిగింది. అయితే నా తూకంలోనే తప్పుందన్నమాట, నేనే ఎక్కడో పొరపడ్డానని అనుకున్నాను.

సైదులు గుడ్డ భుజాన వేసుకుని దగ్గరకు వచ్చాడు. ఫ్లాస్కు వైపు చూశాడు. మా ఇద్దరి ముఖాలు చూశాడు. "ఏం పోయింది సార్? గులాబి పువ్వు లెక్క మెరుస్తున్నది గద!"

"తేటగా ఉంది కదయ్యా" అన్నాను.

"నాకేమన్న కండ్లు దొబ్బినయా? పోరీ, నువ్వు చెప్పు, ఎర్రగ లేదా?"

ఉదయశ్రీ ఫ్లాస్కును కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. చాలాసేపు చూసింది. "నాకు తెల్లగనే కనవడుతున్నది" అంది. ఆ మాట అని, మళ్లీ సైదులు ముఖం చూసింది.

అక్కడ పట్టీ కట్టనివాడు సైదులొక్కడే, తప్పు మా కళ్లదేనని అప్పుడు అర్థమైంది. ఇరవై ఎక్కడినుంచి వచ్చిందని సైదులునే అడిగాను, పట్టీకి రికార్డులన్నీ ఎక్కించానని చెప్పాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"రికార్డులల్ల రీడింగులు నిజమనుకున్నరా సార్? నేను కలిపే మందు ఒక ఏడాది పద్దెనిమిది వస్తది, ఒక ఏడాది ఇర్వైరెండు వస్తది. ఎవ్వలు చూసిన్రు? రెండు రీడింగులు కలిస్తేనే మార్కులు. అందుకే పోరగాండ్లు అందరు ఇర్వై, ఇర్వై, ఇర్వై అని రాస్తరు. సీనియర్లది చూసి జూనియర్లు. మీరు ఎర్ర పెన్నుతోని గీత గీసి సంతకం పెడ్తరు. ఇర్వై రెండేండ్ల సంది అదే నడుస్తున్నది."

 నేను బి.ఎస్సీ. చదివేటప్పుడూ ఇరవయ్యే రాశాను. మేమందరం కలిసి ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చాం. నేను దాన్ని తీసుకెళ్లి ఒక ఆడపిల్ల నాడిలో పోశాను. ఆమె కన్ను రంగును చూడటం మానేసి, మనసు ఒప్పుకున్నదాన్నే చూడటం నేర్చుకుంది. నా కన్నూ అంతే. 

మందు లేకపోలేదు. పట్టీని తిరగేయవచ్చు. నాడిలో ఆ 'ఖాయం' పుట్టగానే పట్టీ పసిగట్టి, ప్రతిసారీ హాయికి బదులు ఒక చిన్న ఉలికిపాటు పంపాలి, మెట్టు తప్పినప్పుడు గుండె జారినట్టుగా. నలభై రోజులు. కానీ తప్పుడు నమ్మకాన్ని, నిజమైన నమ్మకాన్ని అది వేరుచేయలేదు. అన్నిటినీ కదిలిస్తుంది. ఆ తరువాత ఆమెకు దేనిమీదా నమ్మకం కుదరకపోవచ్చు. ఆ సంగతి దాచకుండా చెప్పాను.

"కట్టండి సార్" అని చెయ్యి చాపింది.

"ముందు నేను కట్టుకుంటాను. ఎలా ఉంటుందో చూసి..."

"మీరు పొయ్యి కాడ నిలవడేది లేదు గద సార్. నేను నిలవడాలె."

నేను కట్టుకోలేదు. ఆమె సంగతి చూసుకోవడానికి ఒక్కరైనా స్థిమితంగా ఉండాలని సాకు చెప్పుకున్నాను. అసలు కారణం భయం. ఎప్పుడూ నేనే కరెక్టు అనిపిస్తుంటే బతుకు ఎంత సుఖమో, రుచి చూసినవాడికే తెలుసు.

ఆ నలభై రోజులు ఆ పిల్లను చూడటం కష్టమైంది. తలుపు గొళ్లెం పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి లాగి చూసేది. బస్సెక్కి, ఇది మన బస్సేనా అని ముగ్గురిని అడిగేది. పరీక్షలో మొదటి ప్రశ్నను ఎనిమిదిసార్లు చదివి, ఆక్సిజన్ వేలెన్సీ రెండు అని రాయడానికి పావుగంట తీసుకుంది. ఇంట్లో కూరలో ఉప్పు వేశానో లేదోనని మూడుసార్లు రుచి చూసేదట, ఆ తరువాత తను చూసిన రుచిమీద కూడా అనుమానమట. రెండుసార్లు చదువు మానేస్తానంది. ల్యాబులో మాత్రం ప్రతిరోజూ వచ్చి నిలబడేది. ఇరవై మూడో రోజున, ఇరవై దగ్గర ఆగిన ఆమె చెయ్యి ఉలిక్కిపడి మళ్లీ కదిలింది.

"సార్, ఎర్రగున్నది!" అని అరిచింది. "సైదులన్నా, ఎర్రగున్నది గద?"

"ఎర్రగనే ఉన్నది బిడ్డా" అన్నాడు సైదులు. నేనూ చూశాను. నాకు నీళ్లలాగే కనబడింది. బయటకు వెళ్లి నిలబడ్డాను.

కార్తీకం వెళ్లాక భిక్షమయ్య కబురు పెట్టాడు, పొయ్యి వెలిగిస్తున్నాను రమ్మని. వాళ్ల పెరట్లో ఇటుకల పొయ్యి మీద రాగి గంగాళం, తాడు మీద తడిపిన నూలు చిలపలు వేలాడుతున్నాయి. భిక్షమయ్య చేతులు మానాయి. వేళ్ల కొసలు కొత్త తోలుతో నున్నగా, గులాబీగా ఉన్నాయి. నాకు చెయ్యి అందించాడు గానీ, నా చెయ్యి తగిలినట్టు ఆయనకు తెలియలేదు, చూసి వదిలాడు. ఈ రెండు నెలల్లో కూతుర్ని ఒక్క మాట అనలేదట. ఆ మౌనమే తనను ఎక్కువ కాల్చిందని, ఒకరోజు మా ఇంటికి వచ్చినప్పుడు విమలతో చెప్పుకుందట.

గంగాళంలో నీళ్లు కాగాయి, కాస్టిక్ పడింది. ఉదయశ్రీ నమూనా తీసి, చల్లార్చి, గుంజకు కట్టిన బ్యూరెట్ కింద ఫ్లాస్కు పట్టుకుంది. చెయ్యి వణుకుతూనే ఉంది. మొదటిసారి ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు. రెండోసారి ముప్ఫై ఒకటి పాయింట్ ఒకటి. మూడోసారి ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు.

ఆ మూడోదాని మధ్యలో నేను ఉండబట్టలేక, "పోయిందమ్మా, ఆపెయ్" అన్నాను. అప్పటికి ఇరవై దగ్గరే ఉంది.

"మీరు జర అటు జరుగుండ్రి సార్" అంది, నా వైపు చూడకుండానే. మర్యాదగానే అంది. నేను చిలపల వెనక్కి జరిగాను. ఇంత వయసులో ఇలాంటి మాట పడటం బాధగానే ఉంది, కానీ తప్పు నాదే.

ఆమె మూడు అంకెలనూ ఉన్నవున్నట్టే పలక మీద రాసి, వాటివైపు చూస్తూ నిలబడిపోయింది. ఒకదానితో ఒకటి కలవడం లేదు. పొయ్యిలో కట్టెలు కాలిపోతున్నాయి.

"ఎంతున్నది బిడ్డా?" అన్నాడు భిక్షమయ్య.

"ఆరుకు జర అటో ఇటో ఉన్నట్టున్నది నాయినా."

"ఏలు పెట్టి చూడు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తన చేతులు పైకెత్తి చూపించాడు. "వీటికి తెలుస్తలేదు. నువ్వే చూడాలె. ఒక్క చుక్క, అంతే. చూసినంక నీళ్లతోని కడుక్కో."

ఆమె గరిటెతో ఒక చుక్క తీసి, ఊది చల్లార్చి, బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దింది. కళ్లు మూసుకుంది. కడుక్కుంది. మళ్లీ ఇంకో చుక్క తీసింది.

"సబ్బు కన్న ఎక్కువ జారుతున్నదా?"

"సబ్బు లెక్కనే ఉన్నది. జరంత ఎక్కువేమో. ఏమో నాయినా, నేను ఖాయంగ చెప్పలేను." గరిటె కింద పెట్టేసింది. "నాకు భయమైతున్నది. నేను చెప్పను. ఇంకెవలనన్న అడుగు."

భిక్షమయ్య పొయ్యి దగ్గరనుంచి లేచి కూతురి దగ్గరకు వచ్చాడు. రెండు నెలల తరువాత ఆ సంగతి ఎత్తడం అదే మొదలు.

"ముప్ఫై ఏండ్ల సంది గంగాళంల చెయ్యి పెడ్తున్న. ఒక్కనాడు కూడ భయం లేకుంట పెట్టలేదు. ఆ రోజు నువ్వు ఖాయం నాయినా అన్నవు సూడు, ఆ మాటకే నా భయం పోయింది. భయం పోయినందుకే రెండు గంటలు చెయ్యి తియ్యలేదు." ఆయన గంగాళం వైపు చూశాడు. "ఇప్పుడు నీకు భయమైతున్నదంటున్నవ్. ఇగ నువ్వు ముంచొచ్చు. పో, గ్లౌజులు తొడుక్కో."

ఆమె ఏడ్చింది, ఆ తరువాతే గ్లౌజులు తొడుక్కుంది. తండ్రి చెబుతుంటే రంగు, హైడ్రోస్ కలిపింది. నీలం కరిగి గంగాళంలో నీళ్లు పచ్చగా తిరిగేదాకా ఇద్దరూ తొంగి చూస్తూనే ఉన్నారు. మొదటి చిలప ముంచి, పది లెక్కపెట్టి తీసి చూసింది. మళ్లీ ముంచింది. మళ్లీ తీసి చూసింది. సాయంత్రం దాకా ఒక్క చిలపే అయ్యింది. తొందరపెట్టిన వాళ్లు లేరు.

నేను తిరుగు బస్సెక్కాను. సంచిలో తిరగేసిన పట్టీ ఉంది, ఉదయశ్రీ తన నలభై రోజులయ్యాక నా చేతికిచ్చింది. తీసి మణికట్టుకు చుట్టుకున్నాను. టికెట్ తీసుకున్నాను, జేబులో ఉందిలే అనుకున్నాను. గుండె జారింది. తీసి చూశాను, ఉంది. సర్దుకుని కూర్చున్నాను, ఉందిలే అనుకున్నాను. మళ్లీ జారింది. మా పట్నం వచ్చేలోపు పదకొండుసార్లు చూశాను. బస్సు ఆగాక, ఇది మా స్టాపేనా అని పక్కనున్న ఆవిడను అడిగాను.